ఉద్యోగం ఒక షిఫ్ట్, సొంత పని ఇంకో షిఫ్ట్: రెండూ నడపడం ఎలా

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూంటే పక్క గుంపులోంచి ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "ఇంక ఈ ఉద్యోగం మానేస్తానురా." ఒకడు కేఫ్ పెడతానంటాడు, ఒకడు అరకులో హోమ్‌స్టే అంటాడు, ఇంకొకడు మంచి కెమెరా కొంటానంటాడు. ఈలోగా పొట్లం అయిపోతుంది. సోమవారం పొద్దున్న అందరూ మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఉంటారు.

ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. పోర్టు పనుల మీద నడిచే ఒక సీహెచ్ఏ ఆఫీసులో, అంటే ఎగుమతి దిగుమతి సరుకుకి కస్టమ్స్ కాగితాలు చేసే చోట, పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాను. ఇంట్లో నాకు ఇంకో పని ఉంది. మా అమ్మమ్మ, ఆవిడ ఈడు వాళ్ళు మాట్లాడే ఉత్తరాంధ్ర మాటలు పోగేయడం. బేగి (త్వరగా), ఒగ్గేయ్ (వదిలేయ్), తొంగో (పడుకో), బుగత (భూస్వామి), కంబారి. ఒక్కో మాటకి ఒక్కో కార్డు, వీలైతే వాళ్ళ గొంతులోనే రికార్డింగు. దీనికి నాకు ఎవరూ జీతం ఇవ్వరు. ఉద్యోగం మానకుండా, ఇంట్లో గొడవ పడకుండా (సరే, పెద్ద గొడవ పడకుండా) ఈ రెండూ నడపడానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. మీ సొంత పని మొక్కలు కావచ్చు, కోడింగ్ కావచ్చు, వీణ కావచ్చు. పద్ధతి పెద్దగా మారదు.

జీతం, గౌరవం, తృప్తి మూడూ ఒక్క ఉద్యోగమే ఇవ్వాలని పట్టుబడితే ఆ ఉద్యోగం మీద మోయలేనంత బరువు పెట్టినట్టే. అలాగని తృప్తి అంతా సొంత పనిలోనే ఉందనుకుని దాన్ని "టైము మిగిలినప్పుడు" చేద్దామనుకుంటే ఆ టైము ఎప్పటికీ మిగలదు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఊరు మనది. ఇక్కడ షిఫ్ట్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. షిఫ్ట్‌కి మొదలు ఉంటుంది, దిగే వేళ ఉంటుంది, మూడ్ బాగున్నా లేకపోయినా ఎక్కాల్సిందే. సొంత పనికి కూడా అలాంటి షిఫ్ట్ ఒకటి వేయాలి.

1. ముందు రెండు వారాలు చిట్టా రాయండి

"ఉద్యోగం నచ్చట్లేదు" అన్న మాట చాలా పెద్దది. అందులో ఏ ముక్క నచ్చట్లేదో తెలియకపోతే ఏమీ మార్చలేరు. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్ వద్దు, ఫోన్ తీస్తే వాట్సాప్‌లోకి వెళ్ళిపోతారు. పని మారినప్పుడల్లా ఒక్క లైను రాయండి: ఏం చేశాను, ఎంతసేపు, మధ్యలో ఎన్నిసార్లు గడియారం చూశాను. "ఈరోజు చాలా విసుగ్గా ఉంది" లాంటివి రాయకండి. విసుగు ఎలాగూ గుర్తుంటుంది, దాని వేళే మర్చిపోతాం.

నా చిట్టాలో తేలింది ఏమిటంటే, నన్ను పీల్చేస్తున్నది ఆఫీసు మొత్తం కాదు. సాయంత్రం నాలుగు తర్వాత ట్రాన్స్‌పోర్టర్లతో ఫోన్లు. "బండి ఎక్కడుంది?" "గేటు దగ్గరే మేడం." ఆ గేటు ఏ గేటో సింహాద్రి అప్పన్నకే తెలియాలి. రోజూ రెండు గంటలు, నాలుగు లైన్లకి ఒకసారి గడియారం.

ఇంకో వైపు, సరుకుకి టారిఫ్ కోడ్, అంటే అది కస్టమ్స్ లెక్కలో ఏ వర్గంలోకి వస్తుందో చెప్పే నంబరు, తేల్చే పని చేస్తున్నప్పుడు టీ చల్లారిపోయినా చూసుకోలేదని తేలింది. ఇది బయటివాళ్ళకి చాదస్తంగా కనిపిస్తుంది కానీ చెప్తాను. మన దేశంలో కస్టమ్స్ కోడ్ 8 అంకెలది. మొదటి రెండూ చాప్టర్, మొదటి ఆరూ ప్రపంచమంతా ఒకటే. పచ్చి రొయ్యని శుభ్రం చేసి గడ్డకట్టించి పంపితే 3వ చాప్టర్. అదే రొయ్యకి పిండి పట్టించి వేయించడానికి సిద్ధంగా పంపితే 16వ చాప్టర్. రొయ్య అదే, సముద్రమూ అదే, ఎక్కడ ఆగి ఏమైందన్నదే లెక్క. ఈ తగువు తేల్చడం నాకు ఇష్టమని పదేళ్ళు చేశాక, ఒక నోట్‌బుక్ చెప్తే తెలిసింది.

రెండు వారాల తర్వాత గడియారం చూడని లైన్ల కింద గీత పెట్టండి. మూడో నాలుగో వస్తాయి. ఒక్కటీ రాకపోతే అదీ సమాచారమే. అప్పుడు మీకు కావలసింది వేరే ఉద్యోగం. దాని సంగతి ముందు చూడండి, మిగతా మెట్లు తర్వాత.

2. ఉద్యోగంలోనే ఒక ముక్క మార్చుకోండి

2001లో అమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ఉద్యోగులు తమ పనిని, ఆఫీసు ఇచ్చిన హద్దుల్లోనే, తామే కొంచెం కొంచెంగా చెక్కుకుంటారని వాళ్ళ వాదన. అందులో వాళ్ళు చూపిన ఒక ఉదాహరణ ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్ళు. పని ఒకటే అయినా కొందరు తుడవడం వరకే తమ పని అనుకున్నారు. ఇంకొందరు రోగులతో, వాళ్ళ వాళ్ళతో మాట్లాడటం, ఎవరికి ఏది కావాలో గమనించడం కూడా తమ పనిలోకి తెచ్చుకున్నారు. ఆ రెండో రకం వాళ్ళకి ఆ పనిలో అర్థం కనిపించింది.

మనకి పనికొచ్చేలా చెప్పాలంటే, చిట్టాలో గీత పెట్టిన పనిని వారానికి రెండు గంటలు పెంచుకోండి, పీల్చేసే పనిని రెండు గంటలు తగ్గించుకోండి. దీనికి బాస్ దగ్గరకి వెళ్ళి "నాకు జాబ్ శాటిస్ఫాక్షన్ లేదు సార్" అంటే పని జరగదు. ఆయనకి లాభం కనిపించేలా మాట్లాడాలి. నేను అన్నది ఇది: "సార్, కోడ్ దగ్గర కస్టమ్స్ నుంచి క్వెరీ పడే పార్టీలవి చెక్‌లిస్టులన్నీ నేనే చూస్తాను. బదులుగా మంగళ, గురు సాయంత్రాలు బండ్ల ఫోన్లు జూనియర్ చూస్తే వాడికీ పని వస్తుంది." ఆయన "ఒక నెల చూద్దాం" అన్నారు. ఆ నెల ఇంకా నడుస్తోంది, నాలుగేళ్ళైంది.

అడిగే రోజు కూడా చూసుకోండి. ఓడ బెర్త్‌కి వచ్చిన రోజున, మార్చి ఆఖర్లో, ఐటీలో అయితే రిలీజ్ వారంలో అడగకండి.

తిట్టే బాస్‌కి, ఆలస్యంగా పడే జీతానికి ఇది మందు కాదు. అలాంటి చోట పనిని అందంగా చెక్కుకోమని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

3. సొంత పనిని మూడు నెలల సైజుకి కోయండి

"ఫోటోగ్రఫీ చేస్తాను", "పుస్తకం రాస్తాను", "ఏదైనా స్టార్టప్" ఇవి పనులు కావు. వీటికి మొదలూ చివరా లేవు. మూడు నెలల్లో అయిపోయేలా, అయిందో లేదో పక్కింటివాళ్ళు కూడా చెప్పగలిగేలా పేరు పెట్టండి. వన్‌టౌన్‌లో ముప్పై పాత ఇళ్ళ ఫోటోలు. మేడ మీద నాలుగు కుండీల్లో వంకాయ, కాపు వచ్చేదాకా. వీణ మీద రెండు కృతులు, తప్పు లేకుండా. మొదటిసారి నేను పెట్టుకున్నది వంద మాటలు. "ఉత్తరాంధ్ర నిఘంటువు" అని పెట్టుకున్న రోజుల్లో రెండేళ్ళలో నలభై కూడా రాయలేదు.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేసుకోండి: నా ఉద్యోగంలోంచి ఈ పనికి ఏం తెచ్చుకోగలను? రావిశాస్త్రిగారు ఈ ఊళ్ళోనే వకీలు. కోర్టు చుట్టూ తిరిగే మనుషులు, వాళ్ళ భాష, వాళ్ళ బాధలు ఆయన కథల్లోకి నడిచి వచ్చాయి. మనం ఆయనంత వాళ్ళం కానక్కర్లేదు, దారి అదే. నాకు టారిఫ్ పుస్తకం ఇచ్చింది వర్గీకరణ. "గుంట" అన్న మాట చూడండి. మిగతా తెలుగు దేశానికి అది నేలలో గొయ్యి, మా వైపు ఆడపిల్ల. ఒక కార్డా, రెండు కార్డులా? "అప్ప" అంటే మా ఇళ్ళల్లో అక్క. దాన్ని చుట్టరికాల్లో పెట్టాలా, పిలుపుల్లో పెట్టాలా? ఆఫీసులో రొయ్యతో పడే తగువే ఇంట్లో గుంటతో పడుతున్నాను.

స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ చేసేవారికి చేతిలో పని ఉంది. బ్యాంకులో ఉన్నవారికి లెక్క ఉంది. నర్సుకి మనుషుల్ని గమనించే కన్ను ఉంది. అది సొంత పనిలో వాడితే పొద్దున్న ఉద్యోగం వృథా అన్న బాధ సగం తగ్గుతుంది.

4. గంటలు లెక్క పెట్టండి, తర్వాత షిఫ్ట్ వేయండి

వారానికి 168 గంటలు. నా లెక్క: ఉద్యోగం 54, దారిలో 10, నిద్ర 49, వంట, ఇల్లు, పాప చదువు కలిపి 28, స్నానం, తిండి 14. మొత్తం 155. మిగిలేది 13. అందులో చుట్టాలు, పెళ్ళిళ్ళు, రైతుబజారు, ఒంట్లో బాగోకపోవడం, ఊరికే ఫ్యాను కింద పడుకోవడం అన్నీ రావాలి. ఊరికే పడుకోవడాన్ని లెక్కలోంచి తీసేయకండి. నిద్ర కోసేస్తానంటారా, మూడో వారానికల్లా అది ఎలాగూ వెనక్కి తీసుకుంటుంది.

ఆ పదమూడులో నేను అయిదే తీసుకున్నాను. గురువారం రాత్రి గంటన్నర, ఆదివారం పొద్దున్న రెండున్నర గంటలు, ఇంకో గంట చిల్లర. అయిదు గంటలు ఏం సరిపోతాయి అనిపిస్తుంది. ఏడాదికి రెండు వందల యాభై గంటలు అవుతాయి, అందులో పండగలూ జ్వరాలూ పోయినా రెండు వందలు.

గాజువాక వైపు ఉంటూ రుషికొండ కొండ మీద ఐటీ ఉద్యోగం చేసేవాళ్ళకి దారిలోనే రోజుకి రెండు మూడు గంటలు పోతాయి. బండి నడిపేవారైతే ఆ టైముని సొంత పనికి వాడాలని చూడకండి, రోడ్డు చూడండి. బస్సులో వెళ్ళేవారికి మాత్రం అది వరమే. వినడం, చదవడం, రికార్డింగ్ విని గుర్తులు పెట్టుకోవడం లాంటివి బస్సు పనులు. ఒకచోట కూర్చుని తయారుచేసే పని బస్సులో పెట్టుకోకండి.

ఇప్పుడు షిఫ్ట్ ఉద్యోగుల సంగతి. "పొద్దున్నే అయిదింటికి లేవండి, జీవితం మారిపోతుంది" అనే వీడియోలు చేసేవాళ్ళు ఒకసారి సి షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్, చేసి పొద్దున్న ఆరింటికి గేటు బయటకి వచ్చి చూడాలి. ఏ, బి, సి తిరిగే ఇంట్లో "రోజూ ఇదే టైముకి" అన్న సలహా పనికిరాదు. మీరు గడియారాన్ని వదిలేసి షిఫ్ట్‌నే పట్టుకోండి:

ఏ షిఫ్ట్ వారంలో, రెండింటికి దిగి, ఇంటికొచ్చి తిని, ఒక గంట పడుకుని, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర.
బి షిఫ్ట్ వారంలో, పిల్లలు బడికి వెళ్ళాక తొమ్మిది నుంచి పదిన్నర. చాలామందికి అన్నిట్లోకీ మంచి వారం ఇదే, ఇల్లు ఖాళీ, ఒళ్ళు తాజా.
సి షిఫ్ట్ వారంలో ఏమీ వద్దు. నిద్రపోండి. మరీ చేతులు ఆగకపోతే పాత ఫైళ్ళు సర్దుకోండి.

లెక్క కూడా వారానికి కాకుండా షిఫ్ట్ తిరిగే చక్రం మొత్తానికి వేసుకోండి. అప్పుడు సి షిఫ్ట్ వారం వచ్చినప్పుడల్లా "నేను ఫెయిలయ్యాను" అనిపించదు.

షిఫ్ట్ ఎక్కేటప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. కూర్చున్నాక "ఈరోజు ఏం చేద్దాం" అని ఆలోచిస్తే అరగంట అందులోనే పోతుంది. దిగే వేళకి దిగిపోండి కూడా, పని బాగా సాగుతున్నా సరే. మొదట్లో ఇది నాకు కష్టమైంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మర్నాడు బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే కాగితం) ఒక సున్నా ఎక్కువ కొట్టాను. పార్టీ చూసింది కాబట్టి సరిపోయింది.

5. ఇంట్లో మాట్లాడండి, గంటలు చెప్పి మరీ

ఇది ఆడవాళ్ళకి ఎక్కువ అవసరం. దేశమంతటా 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటి మీద పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలని తేలింది. అంటే తేడాయే మూడు గంటల పైన. మీ షిఫ్ట్ ఆ మూడు గంటల్లోంచే రావాలి, ఆకాశంలోంచి రాదు.

"నాకూ కొంచెం టైము కావాలి" అంటే అందరూ తల ఊపుతారు, ఏమీ మారదు. వారం, వేళ, ఎంతసేపు, ఆ టైములో మీరు చేయనిది ఏమిటి, అది ఎవరు చేస్తారు ఇవన్నీ చెప్పాలి. మా ఇంట్లో ఒప్పందం: గురువారం రాత్రి వంట మా ఆయనది. ఉప్మా అయినా, హోటల్ చపాతీ అయినా నేను మాట్లాడకూడదు. నా వైపు నుంచి, శనివారం సాయంత్రం ఆయన బ్యాడ్మింటన్‌కి వెళ్ళేటప్పుడు నేను ఫోన్ చేసి "ఎక్కడున్నారు" అనకూడదు. రెండోది పాటించడం నాకు ఎక్కువ కష్టం.

మా అత్తయ్యగారు మొదట "ఆ పాత మాటలు రాసి ఏటి సేత్తావే" అన్నారు. నేనేమీ వాదించలేదు. ఒక గురువారం "కంబారి అంటే కూలివాడు" అని కార్డు రాసుకుంటుంటే ఆవిడ తొంగి చూసి, "కాదే, కూలోడంటే ఏ రోజుకారోజు. కంబారంటే ఏడాదికి కుదిరినోడు" అన్నారు. ఆ కార్డు కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ రాత్రి నుంచి ఆవిడ నా షిఫ్ట్‌లో మనిషి. ఇంట్లోవాళ్ళని ఒప్పించడానికి ఉపన్యాసాల కన్నా వాళ్ళకి తెలిసిన సంగతి ఒకటి అడగడం మేలు. మొక్కలైనా, వంటైనా, పాత రేడియో రిపేరైనా ఇదే.

6. చోటు, పనిముట్లు

ఇరుకు ఇంట్లో పెద్ద బల్ల దొరకదు. ఒక కుర్చీ, ఒక సంచి చాలు. ఆ సంచిలో సొంత పని సామానే ఉండాలి, కరెంటు బిల్లులూ స్కూలు డైరీలూ అందులో వేయకూడదు. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, కూర్చోవచ్చు. ఆదివారం పొద్దున్న అయితే బీచ్ రోడ్డు. తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం బండ్లు ఆపుతారు కాబట్టి అక్కడ రెండు రౌండ్లు నడిచి, నా రికార్డింగులు చెవిలో వింటూ, అక్కడే బల్ల మీద కార్డులు రాసుకుంటాను. ఎండెక్కాక కుదరదు, మన ఉక్కపోత తెలిసిందేగా.

పనిముట్లు తక్కువ కొనండి. పదివేల మైక్ కొన్న నెలలో నేను ఒక్క రికార్డింగూ చేయలేదు, మైక్ గురించి వీడియోలు చూశాను. ముందు ఫోన్‌తో యాభై చేసి, అప్పుడు చాలకపోతే కొనండి.

కాపీలు మాత్రం మూడు పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా కిటికీ అద్దాలతో పాటు నా మొదటి రెండు నోట్‌బుక్కులూ పట్టుకుపోయింది. పేజీలు దొరికాయి, సిరా దొరకలేదు. అందులో కొన్ని మాటలు చెప్పినావిడ అప్పటికే లేరు. అప్పటి నుంచి ప్రతి గురువారం షిఫ్ట్ చివరి పది నిమిషాలు కార్డుల ఫోటోలు తీసి, ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, హార్డ్ డిస్క్ వేరే ఇంట్లో.

7. కాగితాలు చూసుకోండి

కొంచెం బోర్, కానీ చదవండి. ప్రైవేటు ఉద్యోగమైతే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి రెండు చోట్ల చూడండి: వేరే ఆదాయం తెచ్చే పని చేయొచ్చా, మీరు తయారుచేసింది ఎవరిదవుతుంది. ఐటీలో ఈ రెండోది ముఖ్యం. కంపెనీ లాప్‌టాప్‌లో, కంపెనీ టైములో రాసిన కోడ్ మీ సొంత యాప్‌ది అని తర్వాత వాదించడం చాలా కష్టం. లాప్‌టాప్ వేరు, మెయిల్ వేరు, టైము వేరు. 2022లో ఒక పెద్ద ఐటీ కంపెనీ పోటీ సంస్థలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. అనుమానం ఉంటే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి, ప్రతిఫలం లేని సేవకి ముందు అనుమతి అక్కర్లేదు, ఆఫీసు పనికి అడ్డు రానంత వరకు. వ్యాపారం, ఇంకో ఉద్యోగం అయితే అనుమతి కావాలి. రాష్ట్ర ప్రభుత్వానికి, ప్రభుత్వ రంగ సంస్థలకి వాటి నియమాలు వాటికి ఉంటాయి, మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగితే చెప్తారు.

ఇంట్లో పచ్చళ్ళు, స్వీట్లు చేసి అమ్మితే, అది ఎంత చిన్నదైనా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. జీతంతో పాటు సొంత వ్యాపారం ఆదాయం వస్తే ఆదాయపు పన్నుకి ఎప్పుడూ వేసే ఐటీఆర్-1 పనికిరాదు, ఫారం మారుతుంది. జూలైలో కంగారు పడే బదులు ముందే ఒక ఆడిటర్‌ని కలవండి.

8. డబ్బు తేవాలా వద్దా?

మొదటి ఏడాది వద్దనే నేను చెప్తాను. కావాలంటే పోట్లాడండి.

మూడేళ్ళ క్రితం ఒక సంస్థ తమ యాప్ కోసం ఉత్తరాంధ్ర యాసలో వాక్యాలు రాసి, చదివి పంపమంది. వాక్యానికి ఇంత అని రేటు. నా పనికి విలువ వచ్చిందని పొంగిపోయాను. మొదటి నెల బాగానే ఉంది. రెండో నెల "మరీ ఇంత యాస వద్దు, అందరికీ అర్థమవ్వాలి" అన్నారు. మూడో నెలకి నేను రాస్తున్నది మామూలు తెలుగులో చివర "గదా" తగిలించిన ఏదో ఒకటి. డబ్బు సగమే వచ్చింది. అంతకన్నా నష్టం, ఆ మూడు నెలలూ నా గురువారాలు పోయాయి. మళ్ళీ కార్డుల ముందు కూర్చుంటే ఆఫీసుకి వచ్చినట్టే అనిపించింది, ఇంకో బాస్ దగ్గరికి.

మీకు డబ్బు అవసరమైతే తప్పకుండా సంపాదించండి. ఈఎంఐ ఉన్న ఇంట్లో తృప్తి గురించి నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ పనిని మూడో షిఫ్ట్‌గా లెక్కవేయండి, సొంత పని షిఫ్ట్‌లోంచి కోయకండి. ఏం చేయాలో, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో రాతలో ఉండాలి. సగం అడ్వాన్సు తీసుకోండి. చుట్టాలకీ ఇదే రూలు, చుట్టాలకి మరీను.

ఉద్యోగం మానేసి ఇదే చేయాలని ఉంటే ఒక చిన్న పరీక్ష. సొంత పని వరసగా పన్నెండు నెలలు, పండగ నెలా కాదు, డల్ నెలా కాదు, అన్ని నెలలూ కలిపి, ఇంటి ఖర్చులో సగమైనా తెచ్చిందా? దానితో పాటు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉందా? రెండింటికీ అవునంటే అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడండి. బీచ్ గోడ మీద నిర్ణయాలు వద్దు, సముద్రం ముందు అందరికీ ధైర్యం వస్తుంది.

9. ఒక్క మనిషికి చూపించండి

నెలకి ఒకసారి, ఒక్కరికి. పది మంది ఉన్న గ్రూప్‌లో పెడితే పది బొటనవేళ్ళు వస్తాయి, అంతే. నా మనిషి మా ఆఫీసులోనే అకౌంట్స్ చూసే ఆయన, ఊరు బొబ్బిలి వైపు. నెలాఖరున కార్డులు చూపిస్తే "మావైపు ఇలా అనం" అంటారు. నాకు కావలసింది అదే.

10. ఆపే రోజులు ముందే రాసుకోండి

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్‌కి ఆ రోజుల్లో వెళ్ళి చూస్తే బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, కానీ జనం ఖాళీగా ఉండరు. వలలు అల్లుకుంటారు, బోట్లకి రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు.

నా ఏడాదిలో కూడా అలాంటి నిషేధం ఒకటి పెట్టుకున్నాను. మార్చి పూర్తిగా, పాప పరీక్షలు, ఆఫీసులో సంవత్సరాంతం. మీది దసరా కావచ్చు, ఆడిట్ కావచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఆపరేషన్ కావచ్చు. ఆ రోజుల్లో కొత్త పని ఏదీ ఎత్తుకోకండి. ఫైళ్ళకి పేర్లు సరిచేయండి, కాపీలు తీయండి, పాత కార్డులు చదవండి. ముందే రాసి పెట్టుకుంటే అది సెలవు, రాయకుండా ఆపేస్తే అదే "మానేశాను" అయిపోతుంది.

ఆపే రోజున చివరి పనిగా ఒక చీటీ రాసి సంచిలో పెట్టండి. మళ్ళీ మొదలుపెట్టే రోజున మొట్టమొదట చేయాల్సిన పని ఏమిటో అందులో ఉండాలి, పది నిమిషాల్లో అయ్యేంత చిన్నది. "నిఘంటువు కొనసాగించు" అని రాస్తే ఎవరూ సంచి తెరవరు.

ఈ ఏడు నా చీటీలో ఇలా ఉంది: "గుంట: ఒక కార్డా, రెండా? అత్తయ్యని అడుగు." ఏప్రిల్ మొదటి గురువారం సంచి తెరిచాను. అత్తయ్యగారేమో ఊళ్ళో ఉన్నారు, ఫోన్ చేశాను. వెనకాల ఎవరో పిల్లలు అరుస్తున్నారు. సంగతి చెప్పి అడిగితే ఒక నిమిషం ఆలోచించి, "ఫోన్లో ఏటి సెప్తానే, బేగి రా" అన్నారు. ఆదివారం షిఫ్ట్ ఈసారి బస్సులో పడింది.